ప్రకృతి పద్ధతులు, మన పరిశ్రమలు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

మిల్లుల వాళ్ళు, రొయ్యల రైతులు, గ్రానైట్ కోత మేస్త్రీలు, ఇంజినీరింగ్ విద్యార్థులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలను ఒకచోట చేర్చాను. కొన్ని జవాబులు పొడుగ్గా, కొన్ని పొట్టిగా ఉంటాయి. సరుకు ఉన్నచోట ఆగాను, లేనిచోట ముందుకు వెళ్ళాను.

ప్రకృతిని చూసి నేర్చుకోవడం అంటే ఏమిటి? పొలంలో వేపపిండి చల్లడం కూడా అందులోకే వస్తుందా?

రాదు. వేపపిండి చల్లినప్పుడు చెట్టు తయారుచేసిన సరుకును వాడుకుంటున్నాం, అంతే. ఆ సరుకును చెట్టు ఎలా తయారుచేస్తోందో తెలుసుకుని, ఆ పద్ధతిని మన యంత్రంలోనో ఫ్యాక్టరీలోనో ప్రవేశపెడితే దాన్ని బయోమిమిక్రీ అంటారు. 1997లో అమెరికా రచయిత్రి జానిన్ బెన్యస్ ఈ మాటను అందరి నోటా పలికించారు.

ఇందులో మూడు మెట్లున్నాయి. మొదటిది ఆకారం: రెక్క వంపు, ముక్కు వాలు, ముల్లు కొక్కెం. రెండోది తయారీ: ఎంత వేడిలో, ఏ పదార్థాలతో, ఎంత శక్తితో చేస్తోంది. మూడోది ఏర్పాటు: ఒకరు వదిలేసింది ఇంకొకరికి ఆహారం కావడం. పత్రికల్లో బొమ్మలతో వచ్చే కథలు దాదాపు అన్నీ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. కరెంటు బిల్లు తగ్గేదీ, కాలువలో నీళ్ళు బాగుపడేదీ మిగతా రెండు మెట్ల దగ్గర. కింది జవాబులన్నింటినీ నేను ఈ కొలతతోనే చూశాను.

వెల్క్రో, బుల్లెట్ రైలు కథలు నిజమేనా?

నిజమే. స్విట్జర్లాండ్ ఇంజినీరు జార్జ్ డి మెస్ట్రల్ 1941లో తన కుక్క బొచ్చుకు పట్టుకున్న కాయలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ప్రతి ముల్లు చివరా చిన్న కొక్కెం కనిపించింది. మన పొలాల గట్ల మీద పెరిగే మరులమాతంగి కాయకు ఉండేది కూడా అలాంటి కొక్కేలే. వాటిని నైలాన్‌తో చేయడం నేర్చుకుని, చెప్పులకు, సంచులకు అంటించి ఊడదీసే వెల్క్రో పట్టీగా మలచి పేటెంట్ పొందేసరికి 1955 వచ్చింది. ఆలోచన ఒక్క పూటలో తడుతుంది, తయారీ మాత్రం ఏళ్ళు తింటుంది. మూడు నెలల్లో ప్రాజెక్టు ముగించాలనుకునే విద్యార్థులు ఈ రెండు తేదీల మధ్య దూరాన్ని గమనించాలి.

జపాన్‌లో వేగంగా వెళ్ళే రైలు సొరంగంలోకి దూరినప్పుడు ముందున్న గాలి నొక్కుకుపోయి, అవతలి చివర పెద్ద శబ్దంతో బయటపడేది. పక్షులను గమనించే అలవాటున్న ఇంజినీరు ఎయిజి నకత్సుకు లకుముకి పిట్ట గుర్తొచ్చింది. అది నీళ్ళలోకి దూకితే పెద్దగా చిందదు. ఆ ముక్కు వాలును తెచ్చి 500 సిరీస్ రైలుకు పెట్టారు. 1997లో అది గంటకు 300 కిలోమీటర్ల వేగంతో నడిచింది, చప్పుడు తగ్గింది, కరెంటు కూడా ఆదా అయింది. మంచి పనే. అయినా ఆ రైలును తయారుచేసిన కర్మాగారం మాత్రం పాత కర్మాగారమే.

తామరాకు లాంటి పెయింటు వేస్తే గోడలు, సోలార్ పలకలు వాటంతట అవే శుభ్రపడతాయా?

వాన పడితే శుభ్రపడతాయి. తామరాకు మీద కంటికి కనిపించని బొడిపెలు, వాటి మీద మైనపు పొర ఉంటాయి. నీటిబొట్టు ఆకును పట్టుకోలేక దుమ్మును వెంటేసుకుని దొర్లిపోతుంది. జర్మనీ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ దీని గుట్టు విప్పారు. ఆ సూత్రంతో బయటి గోడల పెయింటు 1999లో మార్కెట్లోకి వచ్చింది. అయితే దుమ్మును మోసుకుపోవడానికి నీటిబొట్టు కావాలి కదా. నెలల తరబడి చినుకు రాలని కనిగిరి, పామూరు వైపు సోలార్ పలకల మీద పూత ఒక్కటే పని చేయదు. అక్కడ తెల్లవారుజామున మంచు తడి ఆరకముందే తుడవడం చౌక.

చీమకుర్తిలో గ్రానైట్ కోసేవాళ్ళకు పందికొక్కు ఏం నేర్పుతుంది?

ఈ ప్రశ్న వెటకారంగానే వచ్చింది. జవాబు మాత్రం గట్టిదే.

పందికొక్కు ముందరి పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. పంటికి ముందువైపు మాత్రమే గట్టి పింగాణీ పొర ఉంటుంది, వెనక ఉన్నది దానికన్నా మెత్తన. కొరికేకొద్దీ వెనకభాగం త్వరగా అరుగుతుంది, ముందరి అంచు ఉలిలా నిలుస్తుంది. అరగడమే దానికి సాన. పన్నంతా పింగాణీతోనే ఉంటే ఎప్పుడో మొద్దుబారేది.

ఇప్పుడు కోత మిషను బ్లేడును చూడండి. చక్రం అంచున అతికించిన సెగ్మెంట్లలో వజ్రపు గింజలుంటాయి, వాటిని పట్టి ఉంచేది లోహపు పొడిని కాల్చి చేసిన ముద్ద, దీన్నే బైండింగు అంటారు. రాయిని కోసే గింజ కొంతసేపటికి మొద్దుబారుతుంది. సరిగ్గా అప్పటికి చుట్టూ ఉన్న లోహం అరిగి, పాత గింజ రాలి, కింద ఉన్న కొత్త గింజ బయటపడాలి. అందుకే గట్టి రాయికి మెత్తటి బైండింగు, గరుకుగా ఉండి బ్లేడును త్వరగా అరగదీసే రాయికి గట్టి బైండింగు వాడతారు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది. గట్టి రాయికి గట్టి సెగ్మెంటు వేస్తే లోహం అరగదు, గింజలన్నీ నున్నబడి బ్లేడు రాయి మీద జారుతుంది. శబ్దం సన్నబడుతుంది, మోటారు ఆంపియర్లు పైకి పాకుతాయి. అనుభవం ఉన్న మేస్త్రీ మీటరు చూడకముందే చెవితో పసిగట్టి, బ్లేడును ఇసుక పాలు ఎక్కువున్న ఇటుక మీద రెండుసార్లు నడిపి దాని ముఖం తెరుస్తాడు.

ఈ బ్లేడును కనిపెట్టినవాళ్ళు ఎలుకల పళ్ళు చూసి చేయలేదు. రెండు దారులు ఒకే చోటికి చేరాయి. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు మాత్రం ఎలుక పంటిని చూసే ప్లాస్టిక్‌ను ముక్కలు చేసే కత్తులు తయారుచేశారు. గడ్డి కత్తిరించే యంత్రాలు, మేత మిల్లుల కత్తులు చేసే మన వర్క్‌షాపులకు కూడా పనికొచ్చే సంగతి ఇది. ఒకవైపే గట్టి పూత వేయండి, రెండోవైపును అరగనివ్వండి.

కోతలో వచ్చే రాతిబురద సంగతి వేరు. పందికొక్కు కొరికి పారేసినదాన్ని తినడానికి నేలలో ఎన్నో జీవులున్నాయి. రాతిబురదకు మాత్రం చీమకుర్తిలో ఇంకా సరైన గిరాకీ లేదు. ఇటుకల్లో, కాంక్రీటులో ఇసుకకు బదులు కొంత కలపవచ్చు. కాకపోతే ముందు దాన్ని ఆరబెట్టాలి, ఆ ఖర్చు దగ్గరే లెక్క తేలడం లేదు.

చెదల పుట్టను చూసి ఏసీ లేని భవనం కట్టారట. ఒంగోలులో కట్టవచ్చా?

జింబాబ్వే రాజధాని హరారేలో మిక్ పియర్స్ అనే వాస్తుశిల్పి కట్టిన ఈస్ట్‌గేట్ భవనం గురించి అడుగుతున్నారు. అది 1996లో పూర్తయింది. రాత్రి చల్లగాలిని ఫ్యాన్లతో లోపలికి తోలి, దిమ్మెల్లో, గోడల్లో ఆ చల్లదనాన్ని నిలవచేసి, పగలు వాడుకుంటారు. మామూలు ఏసీ యంత్రాలు లేవు. పుట్టలో గాలి అచ్చంగా అలా తిరగదని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది. తప్పుగా అర్థం చేసుకున్న పుట్ట నుంచి కూడా మంచి భవనం పుట్టిందన్నమాట.

ఇక ఒంగోలు. హరారే సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ రాత్రి చలి వేస్తుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో మన తీరాన అర్ధరాత్రి కూడా ఒళ్ళు జిడ్డోడుతూనే ఉంటుంది. నిలవచేసుకోవడానికి చల్లదనం ఉంటేకదా! ఈ నమూనాను యథాతథంగా తెచ్చి ఇక్కడ కడితే పొయ్యి తయారవుతుంది.

మనకు పనికొచ్చే పాఠం సహారా ఎడారిలోని వెండి చీమ దగ్గరుంది. దాని ఒంటి మీది వెంట్రుకలు మూడు పలకలుగా ఉండి ఎండను తిప్పికొడతాయి, ఒంట్లోని వేడిని ఆకాశంలోకి వెళ్ళగక్కుతాయి. 2015లో ఈ విషయం బయటపెట్టారు. మిద్దె మీద తెల్ల సున్నం పూయడం కూడా చాలావరకు ఇదే పని చేస్తుంది. గాలిలో తేమ ఉన్న రోజుల్లో ఫలితం తగ్గినా పూర్తిగా పోదు.

మా బియ్యం మిల్లులో ఏదీ వృథాగా పోదు. ఇదీ ప్రకృతి పద్ధతేనా?

చాలావరకు అవును. మూడో మెట్టుకు మన దగ్గర ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. మన పుట్టి లెక్కలోనే చూద్దాం. పుట్టి ధాన్యం 850 కిలోలు. అందులో అయిదో వంతు, అంటే 170 కిలోలు ఊక. అదే బాయిలర్‌లో మండి ధాన్యాన్ని ఉడికిస్తుంది, డ్రయర్‌కు వేడినిస్తుంది. తవుడు నూనె మిల్లుకు వెళుతుంది, నూనె తీసిన తవుడు చేపల మేతకు, పశువుల దాణాకు పోతుంది. నూకలకు కొనేవాళ్ళున్నారు.

చివరికి మిగిలేది బూడిద. ఊకలో అయిదో వంతు అనుకుంటే పుట్టికి 34 కిలోలు. ఇది ట్రాక్టరెక్కి రోడ్డు పక్క గుంటల్లో పడుతోంది. గాలి లేస్తే ఆరేసిన బట్టలు నల్లబడతాయి, ఇరుగుపొరుగుతో తగాదా మొదలవుతుంది.

ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. వరి మొక్క నేలనీటిలో కరిగిన సిలికాను వేళ్ళతో లాగి ఆకులో, పొట్టులో గాజులా పేర్చుకుంటుంది. దాని బలంతో కాండం నిలబడుతుంది, అగ్గితెగులును తట్టుకుంటుంది. సబ్బుల్లో, జిగురుల్లో వాడే సోడియం సిలికేట్‌ను ఫ్యాక్టరీలో ఇసుక నుంచి చేయాలంటే సోడాతో కలిపి 1,300 డిగ్రీల పైన కరిగించాలి. బాగా కాలిన ఊక బూడిదలోని సిలికా కాస్టిక్ సోడా ద్రావణంలో 100 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కొలిమి చేయాల్సిన పనిని మొక్క మామూలు ఎండలో, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ముందే చేసిపెట్టింది. రెండో మెట్టు అంటే ఇది.

ఇందులో ఒక షరతుంది. ఊక సుమారు 700 డిగ్రీలు దాటకుండా కాలాలి. వేడి మరీ పెరిగితే సిలికా స్ఫటికాలుగా మారి అంత సులువుగా కరగదు, ఆ ధూళి పీలిస్తే ఊపిరితిత్తులకూ హాని. సగం కాలితే బొగ్గు మిగిలి బూడిద నల్లగా ఉంటుంది, ధర పలకదు. మన బాయిలర్లు ఆవిరి కోసం పెట్టినవి, బూడిద నాణ్యత కోసం కాదు. బూడిద అమ్మే ఆలోచన ఉంటే ముందు పొయ్యిలో ఉష్ణోగ్రత కొలవండి, బేరం తర్వాత.

రొయ్యల చెరువులో బెల్లం, తవుడు పులియబెట్టి పోస్తున్నాం. దీని వెనక శాస్త్రం ఉందా?

ఉంది. మేతలోని నత్రజనిలో రొయ్య ఒంటికి పట్టేది సుమారు నాలుగో వంతే. మిగతాది నీళ్ళలో అమ్మోనియా అవుతుంది. దాన్ని తినగల బ్యాక్టీరియా చెరువులోనే ఉంటుంది, దానికి తక్కువైంది కర్బనం. బెల్లంతో ఆ కొరత తీరిస్తే బ్యాక్టీరియా పెరిగి, అమ్మోనియాను మాంసకృత్తులుగా మార్చుకుని, చిన్న చిన్న తుట్టెలుగా తేలుతుంది. రొయ్య ఆ తుట్టెలనే తింటుంది. దీన్నే బయోఫ్లాక్ అంటున్నారు. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త యోరం అవ్నిమెలెక్ 1999లో ప్రచురించిన లెక్క ప్రకారం ఒక గ్రాము అమ్మోనియా నత్రజనికి సుమారు 20 గ్రాముల పిండిపదార్థం కావాలి. పక్క రైతు పోసినన్ని బకెట్లు మనమూ పోయడం దీనికి ప్రత్యామ్నాయం కాదు.

ఆ బ్యాక్టీరియా కూడా ఊపిరి పీలుస్తుంది. బెల్లం పోసిన రాత్రి ప్రాణవాయువు మామూలుకన్నా వేగంగా పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి వస్తే ప్రమాదం మొదలైనట్టే. జనరేటర్ లేనివాళ్ళు, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు చాలనివాళ్ళు దీని జోలికి పోకపోవడం మేలు.

1994, 95ల్లో తెల్లమచ్చల వైరస్ టైగర్ రొయ్యను తుడిచిపెట్టినప్పుడు మన తీరం చేసింది మూడో మెట్టును వెనక్కి తిప్పడమే. ఒక చెరువు వదిలిన నీళ్ళు పక్క చెరువుకు మోటారుతో ఎక్కాయి. వ్యర్థమైతే చేతులు మారింది, తినేవాళ్ళు మాత్రం మధ్యలో ఎవరూ లేరు, అంతటా ఒకే రొయ్య. ఆ నీళ్ళు ముందు ఉప్పునీటి చేపలో, ఆలిచిప్పలో ఉన్న గుంటలోంచి వెళితే మురికిలో కొంతైనా అక్కడ ఆగుతుంది.

రొయ్య తలలు, పొట్టు నుంచి కైటోసాన్ తీసే యూనిట్ పెడదామనుకుంటున్నాం. పర్యావరణానికి మంచిదే కదా?

కైటోసాన్ అంటే పొట్టులోని కైటిన్ అనే పీచులాంటి పదార్థం నుంచి చేసే సరుకు; మందులకు, పొలాలకు, మురుగునీటి శుద్ధికి వాడతారు. సరుకు మంచిది. పద్ధతి అడగండి. ప్రాసెసింగ్ ప్లాంట్లలో రొయ్య బరువులో దాదాపు 40 శాతం తల, పొట్టుగా పోతుంది. పొట్టులో సున్నపు ఖనిజం, మాంసకృత్తులు, కైటిన్ పెనవేసుకుని ఉంటాయి. మామూలు పద్ధతిలో ఖనిజాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, మాంసకృత్తులను కాస్టిక్ సోడాతో తొలగిస్తారు. తర్వాత 40, 50 శాతం గాఢత ఉన్న వేడి కాస్టిక్‌లో ఉడికిస్తే కైటిన్ కైటోసాన్ అవుతుంది. ప్రతి దశ తర్వాతా నీళ్ళతో కడగాలి. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? చాలామంది ప్రాజెక్టు నివేదికల్లో ఈ ప్రశ్నకు ఒక్క పేరాయే ఉంటుంది, నాకైతే అదే అసలు పేరా. ఆమ్లం కాలువలో కలిపి ‘సహజ ఉత్పత్తి’ అని సంచీ మీద అచ్చువేయడం మోసం.

సముద్రంలో ఇదే పొట్టును బ్యాక్టీరియా చల్లటి నీళ్ళలో, తన ఎంజైములతో విప్పేస్తుంది. వాటిలో ముఖ్యమైనది ఎవరనుకున్నారు? రొయ్యలకు జబ్బు తెచ్చి రైతుకు కంటిమీద కునుకు లేకుండా చేసే విబ్రియోయే. ఆ దారిలో, లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాతో పొట్టును పులియబెట్టి ఖనిజాన్ని, మాంసకృత్తులను వేరుచేసే పద్ధతి ఉంది. పెరుగు తోడుకునే సూత్రమే. రోజులు పడుతుంది, కైటిన్ అంత శుద్ధంగా రాదు, కానీ కారే ద్రవం మేతలోకి పనికొస్తుంది. మందుల కంపెనీకి అమ్మేవాళ్ళకు ఇది చాలదు. పొలాలకు, మురుగునీటి శుద్ధికి అమ్మేవాళ్ళకు సరిపోవచ్చు. ఎవరికి అమ్ముతారో తేల్చుకున్నాకే యంత్రాలకు ఆర్డరు ఇవ్వండి.

డెన్మార్క్‌లో ఒక ఊళ్ళో ఫ్యాక్టరీలు ఒకదాని వ్యర్థాన్ని ఒకటి వాడుకుంటాయట. కృష్ణపట్నంలో అది కుదరదా?

ఆ ఊరు కలుంబోర్గ్. 1961లో భూగర్భజలాన్ని ఆదా చేయడానికి చమురు శుద్ధి కర్మాగారం కోసం సరస్సు నీళ్ళు తెచ్చుకోవడంతో మొదలైంది. 1972లో ఆ కర్మాగారం మండించి పారేసే గ్యాసును పక్కనే వెలిసిన జిప్సం పలకల ఫ్యాక్టరీ కొనుక్కుంది. తర్వాత విద్యుత్ కేంద్రం ఆవిరి మందుల తయారీ సంస్థకు, వేడినీళ్ళు ఊళ్ళోని ఇళ్ళకు, పొగ శుద్ధిలో వచ్చే జిప్సం ఆ పలకల ఫ్యాక్టరీకి, పులియబెట్టగా మిగిలిన మడ్డి రైతుల పొలాలకు చేరాయి. పర్యావరణం కోసం ఎవరూ ఉపన్యాసాలివ్వలేదు. ప్రతిదీ ఇద్దరి మధ్య వ్యాపార ఒప్పందం. చాలా ఏళ్ళ తర్వాత వెనక్కి తిరిగి చూసుకుంటే అడవిలాంటి అల్లిక కనిపించింది.

కృష్ణపట్నం దగ్గర బొగ్గు విద్యుత్ కేంద్రాలున్నాయి, వంటనూనె శుద్ధి కర్మాగారాలున్నాయి, రేవుంది, చుట్టూ రొయ్యల చెరువులున్నాయి. ముడిసరుకు జాబితాలో పెద్ద తేడా లేదు. కొంత జరుగుతోంది కూడా. బూడిద ఇటుకలకు, సిమెంటుకు పోతోంది. విద్యుత్ కేంద్రాలు తమ బూడిదనంతా వినియోగంలోకి తేవాలని 2021 డిసెంబరు 31న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ చెబుతోంది.

జరగనిది వేడి సంగతి. అధునాతన కేంద్రంలో కూడా బొగ్గు శక్తిలో కరెంటుగా మారేది 40 శాతం అటూఇటూ. మిగతాది గాలికీ నీటికీ పోతుంటే, నూనె శుద్ధికి ఆవిరి కావాలని ఇంకొకరు వేరే బాయిలర్ వెలిగిస్తారు. గొట్టం వేయడానికి అడ్డం ఇంజినీరింగ్ కాదు. ఆవిరి కొద్ది కిలోమీటర్లకు మించి పోతే చల్లబడుతుంది కాబట్టి ఫ్యాక్టరీలు పక్కపక్కనే ఉండాలి, స్థలం కేటాయించే రోజే ఎవరి పక్కన ఎవరని ఆలోచించాలి. మరొకటి, పక్కవాడి యూనిట్ ఆగితే మన యూనిట్ ఆగుతుందన్న భయం. అది ఉత్త భయమేమీ కాదు. కలుంబోర్గ్ విద్యుత్ కేంద్రం బొగ్గు మానేసి చెక్కముక్కలకు మారింది. బొగ్గు పోతే బూడిదా పోతుంది, జిప్సమూ పోతుంది. అడవిలో ఒకే చెట్టు పండు మీద బతికే పిట్ట పరిస్థితి అది. ఒప్పందంలోనే రెండో దారి రాసుకోవాలి.

యూరియా ఫ్యాక్టరీ చేసే పనిని పచ్చిరొట్టగా వేసే జీలుగ చేస్తుందంటారు. నిజమా?

యూరియాకు మూలమైన అమ్మోనియాను ఫ్యాక్టరీలో 400 నుంచి 500 డిగ్రీల వేడిలో, గాలి ఒత్తిడికి రెండు వందల రెట్ల దాకా నొక్కి చేస్తారు. జీలుగ వేరుబుడిపెల్లోని బ్యాక్టీరియా దాన్ని మడిలోని వేడిలోనే చేస్తుంది. అలాగని ఉచితంగా కాదు. ప్రతి అణువుకూ మొక్క తన చక్కెరతో మూల్యం చెల్లిస్తుంది. జీలుగను పూత దశలోనే కలియదున్నాలి. ముదిరితే కాండం పీచుబారి నేలలో కలవడం ఆలస్యమవుతుంది. ఆ బ్యాక్టీరియాలో ఈ పని చేసే ఎంజైమును ఫ్యాక్టరీలో అనుకరించాలన్న ప్రయత్నాలు దశాబ్దాలుగా సాగుతున్నాయి. బస్తాల మీద ఇంకా దాని పేరు రాలేదు.

ప్రకృతిలో వృథా అన్నదే లేదంటారు కదా?

కృష్ణపట్నంలో మండుతున్న బొగ్గు ఏమిటనుకున్నారు? కోట్ల ఏళ్ళ కిందట కుళ్ళకుండా మిగిలిపోయి పాతుకుపోయిన చెట్లే. ప్రకృతి కూడా చెత్త పోగేసింది. చెరువుగట్లను కమ్మేసిన సర్కారు తుమ్మ కూడా ప్రకృతే. వేరే ఖండం నుంచి వచ్చింది, ఇక్కడ దాన్ని అదుపు చేసేవి లేవు. ఎక్కడినుంచో యంత్రాన్ని యథాతథంగా దించుకునేవాళ్ళు ఈ చెట్టును ఒకసారి చూడాలి.

విద్యార్థులం. ప్రాజెక్టు ఎక్కడ మొదలుపెట్టాలి?

జంతువును వెతుక్కుంటూ వెళ్ళకండి, సమస్య దగ్గర మొదలుపెట్టండి. ఒక మిల్లునో, ఐస్ ఫ్యాక్టరీనో, పొగాకు బ్యారన్‌నో (ఆకును వేడితో ఆరబెట్టే గది) ఎంచుకుని లోపలికి వెళ్ళేవి, బయటికి వచ్చేవి తూకం వేయండి: నీళ్ళు, వేడి, బరువు. ఎక్కువగా పోతున్నది ఏదో తేలాక, అదే ఇబ్బందిని ఏ జీవి ఎలా దాటిందో వెతకండి. బ్యారన్ కప్పులోంచి పోయే వేడిని పట్టుకోవాలనుకుంటే చలిసముద్రాల్లో ఈదే పక్షుల కాళ్ళు చదవండి. వెళ్ళే వేడి రక్తం, తిరిగొచ్చే చల్లటి రక్తం పక్కపక్కనే ఎదురెదురుగా పారుతూ వేడిని మార్చుకుంటాయి. ఆ సూత్రంతో రేకుల గొట్టాలు మన ఒంగోలు వర్క్‌షాపుల్లోనే చేయించుకోవచ్చు.

ప్రకృతిని చూసి చేసిన పరికరానికి పేటెంట్ వస్తుందా?

ప్రకృతిలో ఉన్నదాన్ని కనిపెట్టినంత మాత్రాన రాదు. 1970 నాటి మన పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3(సి) ఈ సంగతి స్పష్టంగా చెబుతోంది. పందికొక్కు పంటికి రాదు, ఆ సూత్రంతో మీరు కొత్తగా చేసిన కత్తికి రావచ్చు. తరతరాలుగా తెలిసిన వాడుకకు కూడా 3(పి) కింద ఇవ్వరు. వేపగింజ సారంతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతికి ఐరోపాలో ఇచ్చిన పేటెంట్‌ను మన దేశం వైపు నుంచి సవాలు చేస్తే 2000లో రద్దు చేశారు, 2005లో అప్పీలు కూడా కొట్టేశారు.

విద్యార్థులు సాధారణంగా దెబ్బతినేది ఇంకోచోట. ముందు కాలేజీ ప్రదర్శనలో పెట్టి, ఫోటోలు అందరికీ పంపి, తర్వాత దరఖాస్తు చేస్తారు. అప్పటికి కొత్తదనం పోయినట్టే. తాత్కాలిక వివరణ (ప్రొవిజనల్ స్పెసిఫికేషన్) దాఖలు చేస్తే పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలల గడువుంటుంది కాబట్టి, ముందు అది దాఖలు చేయండి. మన రాష్ట్రం చెన్నై పేటెంట్ కార్యాలయం పరిధిలోకి వస్తుంది. రైలెక్కాల్సిన పనిలేదు, ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు.